బోరు కోసం పెరడు తవ్వుతుంటే ఇది దొరికింది, ఇదేంటో ఎవరికైనా తెలుసా?

టోల్‌గేట్ వాడు

అందరికీ నమస్తే. ఫొటో పెడదామంటే మా ఫోన్ దగ్గరికి తీసుకెళ్తే చాలు మసకమసగ్గా వస్తోంది, అందుకని మాటల్లోనే చెప్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది చెన్నైలో తండయారుపేట, టోల్‌గేట్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వచ్చేయొచ్చు. తాతగారి కాలం ఇల్లు. నాన్న 87లోనో 88లోనో పెరట్లో ఒక బోరు వేయించాడు, దాన్ని వాడటం మానేసి ఇరవయ్యేళ్ళ పైనే అయింది, ఎవరో పైన మట్టి పోసి బండలు పరిచేశారు, నాన్న ఉన్నప్పుడు అడిగుంటే వేలు పెట్టి చూపించేవాడు, ఇప్పుడు ఇంట్లో ఎవర్నడిగినా అటేపు అంటే ఇటేపు అంటున్నారు. ఈసారి ఎండలకి ట్యాంకర్ నీళ్ళు కొనలేక ఆ బోరు మళ్ళీ పనికొస్తుందేమో చూద్దామనుకున్నాం. ప్లంబర్ వచ్చి బండలన్నీ లేపాలి సార్ అని చెప్పిన లెక్క వింటే ట్యాంకరే నయం అనిపించింది. అప్పుడు మా అక్క కొడుకు ఆన్‌లైన్లో మూడున్నర వేలు పెట్టి ఒక మెటల్ డిటెక్టర్ తెప్పించాడు, కేసింగ్ ఇనపదే కదా మామా, దాని మీదకి వెళ్ళగానే కూస్తుంది అన్నాడు.

కూయడం మటుకు బాగానే కూసింది. మొదటి రోజు ఆరు సోడా మూతలు, గుప్పెడు తుప్పు మేకులు, సైకిల్ చైను ముక్క, సగం విరిగిన గొళ్ళెం. రెండో రోజు తులసికోట వెనకాల గట్టిగా మోగింది, ఇదే బోరు అని సంబరపడి అడుగున్నర లోతు తవ్వితే బోరు లేదు గానీ ఇది వచ్చింది.

చదరంగంలో బంటు ఉంటుంది చూడండి, ఆ ఆకారం, కాకపోతే పొట్టిగా బాగా లావుగా. కింద నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, పైన గుబ్బతో కలిపి నాలుగున్నర ఎత్తు. పట్టుకుంటే సైజుకి మించిన బరువు. నల్లగా ఉంటే చింతపండు పెట్టి ఒక పక్క తోమా, పసుపు రంగు తేలింది, కాబట్టి ఇత్తడో కంచో. తిరగేస్తే అడుగున రూపాయి కాసంత గుంట, అందులో బూడిదరంగులో ఏదో పోసి పూడ్చారు, అది మెత్తగా ఉంది, గోరు పెట్టి నొక్కితే గీత పడుతోంది, దాని మీద ఏదో ముద్ర కొట్టిన గుర్తులు. గుబ్బ కింద మెడ దగ్గర ఒక వైపు మాత్రమే సన్నగా అరిగి గాడి పడింది. పొట్ట చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు, 30 అని బాగానే కనిపిస్తోంది, పక్కన టి, ఓ, ఎల్, తర్వాత ఇంకేమో ఉన్నాయి గానీ అరిగిపోయాయి.

మావాడి థియరీ ఏంటంటే 30 అంటే 1930, టి ఓ ఎల్ అంటే టోల్, మన ఏరియా పేరే టోల్‌గేట్ కదా, కాబట్టి ఇది పాతకాలం సుంకం వసూలు చేసే చోట వాడిన బిళ్ళో ముద్రో అని. వాడు ఇప్పటికే స్కూల్ గ్రూప్‌లో చెప్పేసుకున్నాడు కూడా. నాకంత నమ్మకం లేదు. అమ్మని అడుగుదామంటే నెల్లూర్లో మా చెల్లి దగ్గరుంది, వచ్చే వారం గానీ రాదు, ఫోన్‌లో చెప్తే ఆవిడకి వినపడదు.

రాయపురం రైలు

గురూ అది గుండు ముక్కు! 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి మద్రాసు మీద గుళ్ళు కురిపించింది, హార్బర్ దగ్గర బర్మా ఆయిల్ వాళ్ళ ట్యాంకులు తగలబడ్డాయి, హైకోర్టు గోడ దగ్గర ఇప్పటికీ ఆ గుర్తుగా రాయి ఉంది. అసాధ్యుడైన మనిషిని ఇక్కడ తమిళంలో ఎమ్డన్ అనేది అందుకే. పాత గుళ్ళకి ముక్కు మీద వాటిని పేల్చే ఇత్తడి ఫ్యూజులుండేవి. మీది నార్త్ మద్రాసే కదా. దయచేసి సుత్తితో కొట్టకండి.

మేస్త్రీ కొడుకు

పైన చెప్పింది వద్దులెండి, భయపెట్టకండి ఆయన్ని. ఫ్యూజు అయితే బిగించడానికి మరలుండాలి, లోపల బోలుగా ఉండాలి. ఇది గట్టి ముద్ద అంటున్నాడు. పైగా జర్మన్ ఓడ గుండు మీద ఇంగ్లీషులో ఎందుకు రాస్తారు.

నేను మొదట తూకం గుండు అనుకున్నా, గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి దారం కట్టి వేలాడదీస్తారే అది. మెడ దగ్గర గాడి అనేసరికి దారం అరుగుడేమో అనిపించింది. కానీ మా నాన్న గుండు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, దానికి దారం సరిగ్గా నడినెత్తిలోంచి రావాలి, పక్కన కడితే గుండు వంకరగా వేలాడుతుంది, దాంతో గోడ కడితే ఇల్లు కూడా అలాగే ఉంటుంది. మీది ఒక పక్కే అరిగింది అంటున్నారు కాబట్టి గుండు కాదు. మరేంటో నాకూ తెలీట్లేదు.

ఇత్తడి పిచ్చోడు

చింతపండు పెట్టి తోమారా!! అయ్యా ఎందుకండీ ఆ తొందర. ఆ నలుపు వందేళ్ళో అరవయ్యేళ్ళో మట్టిలో ఉండి ఏర్పడ్డ పొర, అదే దాని వయసుకి సాక్ష్యం. రెండో పక్క అయినా వదిలేయండి, చింతపండూ వద్దు పీతాంబరీ వద్దు, మామూలు నీళ్ళు, పాత మెత్తటి టూత్‌బ్రష్, అంతే.

నాకొక అనుమానం ఉంది గానీ ముందే చెప్తే మీరు అదే చూస్తారు, అందుకని చెప్పను. నాలుగు పనులు చేసి రాయండి. వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే బరువు ఎంతో చూడండి, ఎంత వస్తే అంత, రౌండ్ చేయొద్దు. అయస్కాంతం పెట్టి చూడండి. కొలత గీతలున్న గ్లాసులో 200 దాకా నీళ్ళు పోసి దీన్ని దించితే ఏ గీత దాకా లేచిందో చూడండి. రాత్రి లైట్లు ఆర్పేసి టార్చి పక్క నుంచి వాటంగా వేసి అరిగిన అక్షరాలు చదవండి, ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. అప్పటికీ కనపడకపోతే పల్చటి కాగితం చుట్టి పైన పెన్సిల్ వాల్చి రుద్దండి, చిన్నప్పుడు నోట్‌బుక్‌లో కాసు పెట్టి రుద్దేవాళ్ళం చూడండి అలా.

ఇంకోటి, అది తీశాక ఆ గుంటలో మళ్ళీ డిటెక్టర్ పెట్టి చూశారా? ఒకటి దొరగ్గానే పూడ్చేయకూడదు.

రూలు రామన్న

ఆట బానే ఉంది గానీ చట్టం కూడా చూసుకోండి. 1878 నాటి నిధి చట్టం ఇంకా అమల్లోనే ఉంది, భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలి. అప్పుడు రాసిన పది రూపాయలే ఇప్పటికీ, చట్టంలో అంకె మార్చలేదు. ఇక 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువైతే పురావస్తువు కింద లెక్క. మీ పెరట్లో మీ బోరు కోసం తవ్వుకోవడం వేరే సంగతి, కానీ మీ మేనల్లుడు హుషారులో ఆ డిటెక్టర్ పట్టుకుని సెయింట్ జార్జి కోట వైపు వెళ్ళకుండా చూసుకోండి, సంరక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రితం, లోపల తవ్వితే కేసే.

రాయపురం రైలు

పాత ఇత్తడి సామాన్లవాడికి వేసినా పది రూపాయలు దాటుతుంది కదన్నా. రోజూ కలెక్టరాఫీసు ముందు క్యూ కట్టాలి మనం.

టోల్‌గేట్ వాడు

చెప్పినవన్నీ చేశాను. అయస్కాంతం అస్సలు అంటుకోలేదు. మా ఆవిడ కేకులకి వాడే కాటా మీద 346 గ్రాములు, మూడుసార్లు పెట్టా మూడుసార్లూ అదే. నీళ్ళు 200 నుంచి 240 గీతకి వచ్చాయి, ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ. పెన్సిల్ రుద్దుడు మావాడు చేశాడు, టి ఓ ఎల్ తర్వాత ఏ స్పష్టంగా వచ్చింది, ఆ తర్వాత ఎస్‌లో సగం. దాంతో టోల్‌గేట్ థియరీ గాల్లో కలిసిపోయింది, వాడు పొద్దున్నుంచి ముభావంగా ఉన్నాడు.

గుంటలో మళ్ళీ డిటెక్టర్ పెట్టలేదండీ, వాన వచ్చేట్టుంటే మట్టి తోసేశాం.

ఇత్తడి పిచ్చోడు

తోలాస్! తులాలు! నేననుకున్నదే. అది పడికట్టు రాయి, త్రాసులో వేసే తూకపురాయి. 30 తులాలది.

లెక్క చూడండి. తులం అంటే 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, పాత వెండి రూపాయి బరువు కూడా సరిగ్గా అంతే, అందుకే పెద్దవాళ్ళు రూపాయెత్తు అనేవాళ్ళు. ముప్ఫై తులాలంటే 350 గ్రాములు. మీకు 346 వచ్చింది, అరుగుదల పోను సరిపోయింది. నీళ్ళ లెక్క కూడా కలుస్తోంది, 346 గ్రాముల్ని నీళ్ళు లేచిన 40 మిల్లీలీటర్లతో భాగిస్తే సాంద్రత 8.65, ఇనుము అయితే 7.8 దగ్గర ఉండాలి, ఇత్తడి 8.4 నుంచి 8.7 దాకా ఉంటుంది, అడుగున సీసం కూడా ఉంది కాబట్టి కాస్త పైకి లాగుతుంది.

అవును, అడుగున ఆ బూడిదరంగు మెత్తటిది సీసమే. ఇలాంటి రాళ్ళని పోతపోసేటప్పుడు కావాలనే కాస్త తక్కువ బరువుతో పోసి అడుగున గుంట వదిలేవాళ్ళు, తర్వాత ఆ గుంటలో సీసం పోస్తూ గీస్తూ సరిగ్గా తూకానికి తెచ్చేవాళ్ళు, తనిఖీ చేసినవాళ్ళు ఆ సీసం మీదే ముద్ర కొట్టేవాళ్ళు, మెత్తగా ఉంటుంది కాబట్టి ముద్ర బాగా దిగుతుంది. ఎవరైనా సీసం గీకి బరువు తగ్గిస్తే ముద్ర చెదిరిపోయి దొరికిపోతారు. ఇదేమీ మాయమైపోయిన విద్య కాదు, మీ వీధి చివర కూరగాయల బండి దగ్గర ఇనప అరకేజీ రాయి తిరగేసి చూడండి, అదే సీసం, అదే ముద్ర.

మల్లేశ్వరం మిర్చిబజ్జి

నేను బెంగళూరు నుంచి. తులాలు అన్నంతవరకు ఒప్పుకుంటా, కానీ ముప్ఫై ఏంటి సార్? మా అజ్జి చెప్పిన కచ్చా సేరు 24 రూపాయల ఎత్తు. ఉత్తరాది పక్కా సేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు, అందులో సగం 40, పావు 20. ముప్ఫై ఎందులోనూ ఇమడదు. 24తో చూస్తే సేరుంపావు అవుతుంది, సేరుంపావుకి ప్రత్యేకంగా రాయి ఎవడు పోయిస్తాడు? అక్షరం ఇంకోలా చదివారేమో, 30 కాకుండా 80లో సగం అరిగిపోయిందేమో.

ఇత్తడి పిచ్చోడు

80 అయితే 933 గ్రాములుండాలి కదండీ, వాళ్ళకి 346 వచ్చింది. ముప్ఫై తులాలే. కానీ మీ ప్రశ్న మటుకు సబబే, దానికి నా దగ్గర జవాబు లేదు.

నెల్లూరు పెద్దాయన

ఎంది నాయనా ఇంతసేపు కొట్టుకుంటా ఉండారు. అది పదలం.

మీరంతా సేర్లతో చూస్తా ఉండారు, మన పక్క కొట్లో తూకం నడిచింది వీశెతో. మూడు తులాలైతే పలం. అయిదు పలాలు ఏబలం, పది పలాలు పదలం, ఇరవై అరవీశె, నలభై పలాలైతే వీశె. ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. పది పలాలు అంటే ముప్ఫై తులాలు, పావు వీశె. బెంగళూరాయన సేరుంపావు అన్నాడే, అదీ తప్పు కాదు, వీశెకి అయిదు సేర్లు, అయిదులో నాలుగో వంతు సేరుంపావే గదా. ఆయన సగం దారి వచ్చి ఆగిపోయినాడు.

నేను చిన్నప్పుడు పదలం చింతపండు, ఏబలం ఎండుమిరపకాయలు తెమ్మని పంపేది మా యమ్మ. 57లో నయాపైసలు వచ్చినాయి, 58 అక్టోబరు నుంచి కేజీలు మొదలుపెట్టినారు, 62 వచ్చేసరికి పాత రాళ్ళు వాడితే నేరం. కొట్టుకాడికి పోయి పదలం అడిగితే శెట్టిగారు మూడొందల యాభై గ్రాములు అని నొక్కి చెప్పేవాడు, నేను వెనక్కొచ్చి అమ్మకి చెపితే అదెంతరా అని మళ్ళీ నన్నే అడిగేది. వీశె అంటే కేజీ నాలుగొందల గ్రాములు లెక్క, ఇద్దరికీ అర్థం కాక ఎన్ని తగాదాలో.

ఇంట్లో వెండి రూపాయలుంటే ఒక పని చేసి చూడండి. మూడు రూపాయలు తూస్తే పలం.

మల్లేశ్వరం మిర్చిబజ్జి

సగం దారిలో ఆగిపోయినందుకు చెంపలేసుకుంటున్నా తాతగారూ. అరవీశె అని మా ఇంట్లో ఆవకాయ లెక్కల్లో విన్నా గానీ అది ఏదో పెద్ద గిన్నె పేరు అనుకున్నా ఇన్నేళ్ళూ.

టోల్‌గేట్ వాడు

పూజ గదిలో జార్జి రాజు బొమ్మ రూపాయలు సరిగ్గా మూడే ఉన్నాయి, వరలక్ష్మీ వ్రతానికి తప్ప బయటికి తీయం. కుంకుమ తుడిచి కాటా మీద పెట్టా. 35 గ్రాములు. దాని పక్కన ఈ రాయి పెట్టి చూస్తే 346. నాకు ఒళ్ళు జలదరించింది నిజంగా, మూడు కాసులకీ ఈ ముద్దకీ ఇంత లెక్క ఉందని మొన్నటిదాకా తెలీదు.

ఇప్పుడు సంగతి అర్థమవుతోంది, మా తాతగారు కొత్వాల్‌చావిడిలో ఒక మిరపకాయల మండీలో గుమాస్తా. కన్యకా పరమేశ్వరి గుడి దగ్గర ఆ బజారంతా అప్పట్లో మనవాళ్ళదే కదా, 96లో కోయంబేడుకి మార్చేదాకా మద్రాసుకి కూరగాయలూ వెచ్చాలూ అక్కణ్ణుంచే. అక్కడిదే అయ్యుంటుంది. కానీ అది మా పెరట్లో అడుగున్నర లోతులోకి ఎలా వచ్చిందో ఇంకా తేలలేదు.

రాయపురం రైలు

నాలుగు గ్రాములు తక్కువుంది అంటే తాతగారు మండీలో చేతివాటం చూపించారన్నమాట. తేలకుండా పూడ్చేశారు.

ఇత్తడి పిచ్చోడు

అలా అనకండి, సీసం మీద ముద్ర గుర్తులు ఇంకా ఉన్నాయని ఆయనే చెప్పారుగా. ఆ నాలుగు గ్రాములూ మెడ దగ్గర పోయాయనుకుంటా. ఆ గాడే నాకు అంతుపట్టట్లేదు. తూకపురాయిని చేత్తో పట్టుకుని పళ్ళెంలో వేస్తారు, గుబ్బ అందుకే. దానికి తాడు ఎవరూ కట్టరు. కట్టినా ఇత్తడి అంతలా అరగాలంటే ఏళ్ళ తరబడి, అదీ ఒకే వైపు లాగి ఉండాలి.

టోల్‌గేట్ వాడు

అమ్మ నిన్న రాత్రి వచ్చింది. నేను నోరు విప్పలేదు, టేబుల్ మీద పెట్టి ఊరుకున్నా. కాఫీ తాగుతూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదెక్కడ దొరికిందిరా, బావి చేదకి కట్టిన పదలం రాయి కదూ" అంది. ఒక్క ముక్క. మీరందరూ పది రోజులు తల పట్టుకున్నదంతా కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

తాతగారు మండీలో కేజీలు వచ్చాక పాత రాళ్ళన్నీ కరిగించడానికి ఇచ్చేస్తుంటే ఇదొకటి అడిగి తెచ్చుకున్నాడట, ఇంట్లో కాగితాల మీద బరువుగా ఉంటుందని. అమ్మ కాపురానికొచ్చేసరికి బావికి ఇనప చేద పోయి అల్యూమినియం బకెట్ వచ్చింది, అది తేలిక, నీళ్ళ మీద బోర్లా పడి తేలుతూ ఉంటుందేగానీ మునగదు, తాడు పట్టుకుని పదిసార్లు ఇటు కొట్టి అటు కొట్టి విసుగొచ్చేది. అప్పుడు మా నానమ్మ ఈ రాయి మెడకి తీగ చుట్టి బకెట్ అంచుకి ఒక పక్కన కట్టేసింది. బకెట్ నీళ్ళని తాకగానే ఆ పక్కకి ఒరిగి బుడుంగున మునిగి నిండేది. ఒక పక్కే గాడి ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసిందా మేస్త్రీ కొడుకు గారూ, వంకరగా వేలాడటమే దాని ఉద్యోగం. తీగ పదిహేనేళ్ళ పైన అక్కడే రాసుకుంటూ ఉంది, రోజుకి నలభై చేదలకి తక్కువ తోడలేదు అంటుంది అమ్మ. ఆ లెక్కలో నాలుగు గ్రాములు ఏం పోతాయండీ, మొత్తం రాయి మిగలడమే గొప్ప.

అమ్మ ఇంకో మాట అంది. "తులసికోట వెనకాలే కదరా బావి. నీళ్ళు అడుగంటాక మీ నాన్న ఆ బావిలోనే బోరు దింపించి చుట్టూ మట్టి పోయించాడు, అప్పుడే పడిపోయుంటుంది."

ఇత్తడి పిచ్చోడు గారూ మీరు మొదటి రోజే చెప్పారు గుంటలో మళ్ళీ పెట్టి చూడమని. పొద్దున్నే మట్టి తీసి పెట్టాం. ఆ రాయి లేకపోయినా అదే చోట అంతే గట్టిగా మోగింది. ఇంకో రెండడుగులు తవ్వగానే పారకి ఠంగుమని తగిలింది, ఆరంగుళాల కేసింగ్, పైన తుప్పు పట్టిన మూత, మూత మీద నాన్న వేయించిన ఎర్ర పెయింట్ ఇంకా కొంచెం ఉంది. ప్లంబర్ సాయంత్రం వస్తానన్నాడు. రాయి అమ్మ తీసేసుకుంది, పూజ గదిలో మూడు రూపాయల పక్కన పెట్టింది. తోమని నల్ల పక్క ముందుకి తిప్పి పెట్టాను.